ఒక తూటా డొప్ప కడుపుమంట

నేను ఒక ఇత్తడి డొప్పని. తూటా అనగానే మీకు గుండే గుర్తొస్తుంది. ముందు కూర్చుని, రైఫిల్లోంచి దూసుకుపోయి, కాగితానికి చిల్లు పెట్టి పేరు తెచ్చుకునేది అదే కదా. దాన్ని మోసేది నేను. మందు కడుపులో దాచుకునేది నేను. ఆ మందు అంటుకున్నప్పుడు లోపల్లోపల కాలేది నేను. గుండు వెళ్ళిపోగానే నన్ను పక్కకి విసిరేసి, అది ఎక్కడ తగిలిందో చూడటానికి అందరూ అటు పరిగెడతారు. నాది కుళ్ళు అని మీరనుకుంటే అనుకోండి. అవును, కుళ్ళే.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక కర్మాగారంలో. గుండ్రటి ఇత్తడి బిళ్ళని మరలో పెట్టి సాగదీసి సాగదీసి గొట్టం చేశారు. మెడ దగ్గర నొక్కి సన్నం చేశారు. అడుగున చిన్న గుంట పెట్టి అందులో ఒక బుల్లి టోపీ బిగించారు. రైఫిలు సుత్తి వచ్చి ఆ టోపీని కొడితే నిప్పు పుడుతుంది, ఆ నిప్పు నా కడుపులోని మందుకి అంటుకుంటుంది. ఈ టోపీ సంగతి కాస్త గుర్తుంచుకోండి. నాకు ఆయువుపట్టు అదే.

ఓడెక్కి కాకినాడ రేవులో దిగాను. మొదటి యజమాని కలప వ్యాపారం చేసే ఒక దొర. ఆయన రైఫిలు గోడకి వేలాడేది, మేం బల్ల సొరుగులో పడుకునేవాళ్ళం. వచ్చిపోయేవాళ్ళందరికీ రేపే వేటకి వెళుతున్నట్టు చెప్పేవాడు కానీ గడప దాటేవాడు కాదు. సొరుగు మాత్రం రోజూ తీసేవాడు, మా పక్కనున్న పొగాకు డబ్బా కోసం. ఆ డబ్బాని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. అసూయ నాకు అలా లేతప్రాయంలోనే అబ్బింది.

దొర దేశం వదిలి పోతూ సామానంతా అమ్మేశాడు. గ్రామఫోను కొందామని వచ్చిన ఒక రాజుగారు, అది అప్పటికే అమ్ముడైపోతే ఉత్తచేతులతో వెళ్ళడం ఇష్టంలేక రైఫిల్ని కొన్నారు. రైఫిలుతోపాటు మేం కొసరు. ఆయన తర్వాత ఆయన కొడుకు నీలాద్రిరాజు గారికి వచ్చాం. ఈయన కాకినాడలో పళ్ళ డాక్టరు.

ఈ డాక్టరు గారి ఎడంచెయ్యి గురించి చెప్పాలి. పన్ను పీకేది కుడిచెయ్యే అయినా, జనం వచ్చేది ఆయన ఎడంచేతి కోసం. ఆ బొటనవేలూ చూపుడువేలూ చిగురుకి అటూ ఇటూ పెట్టి అదిమిపట్టుకుంటే నొప్పి తెలిసేది కాదట. పన్ను ఊడివచ్చాక కూడా ఇంకా పీకలేదనుకుని నోరు తెరుచుకుని కూర్చునేవాళ్ళట. పిఠాపురం నుంచి, తుని నుంచి జనం బస్సెక్కి ఆ చేతికోసం వచ్చేవారు.

ఆ చేతిని నేను మొదటిసారి చూసింది ఊరికి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న సరుగుడు తోటలో. రైఫిల్ క్లబ్బువాళ్ళు అక్కడ ఇసక దిబ్బ ఒకటి పెంచి, దానికెదురుగా గురి చూసి పేల్చుకునేవారు. మా రైఫిలు మీట రైఫిలు. ట్రిగ్గరు కింద ఉంగరంలా ఒక మీట ఉంటుంది. దాన్ని కిందికి తోస్తే కాలిన డొప్ప బయటికి ఎగిరిపడుతుంది, పైకి లాగితే కొత్త తూటా లోపలికి దూరుతుంది. ఆ రోజు నేను మొదటిసారి పేలాను. గుండు పోయింది. మీట కదిలింది. నేను ఇసకలో పడ్డాను. ఇంతే కదా బతుకని అనుకుంటూ ఉండగా ఆ ఎడంచెయ్యి కిందికి వంగింది. ఇసక దులిపి, నా మూతిలోకి ఊది, ఇంకా వేడిగా ఉన్న నన్ను చొక్కా జేబులో వేసుకున్నారు డాక్టరు గారు. గుండుని చూడటానికి వెళ్ళే ముందు నన్ను ఏరుకున్న మొదటి మనిషి ఆయన.

నా మీద ప్రేమేమీ కాదు లెండి. పైదేశాల నుంచి కొత్త తూటాలు రావడం ఆగిపోయింది. ఇక పాత డొప్పల్లోనే మళ్ళీ మందు పోసి, గుండు బిగించి వాడుకోవాలి. ఆయన దానికి కూడా లైసెన్సు తెచ్చుకున్నారు. అవసరం కొద్దీ వంగారు. అయినా వంగారు కదా.

తూటాలు తయారుచేసేది మాత్రం ఆయన భార్య సుభద్రాయమ్మ గారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల తుడిచి కూర్చునేవారు. పూజ గిన్నెలతోపాటే మమ్మల్నీ చింతపండుతో తోమి, మేడమీద వడియాల పక్కన ఎండబెట్టేవారు. పళ్ళు కట్టడానికి వాడే చిన్న తక్కెట్లో మందు తూచేవారు. వలలకి కట్టే సీసం కరిగించి డాక్టరు గారు అచ్చులో గుళ్ళు పోసేవారు. ఆ గుళ్ళకి దంతాల మైనం రాసి, బల్లకి బిగించిన నొక్కుడు మరలో నా మూతిలోకి దింపి, మూతి అంచు కొంచెం లోపలికి నొక్కేవారు ఆవిడ. చింతపండు పులుపూ ఎండా తగిలి నేను బంగారంలా మెరిసిన ప్రతిసారీ, ఆవిడ ఆ దిక్కుమాలిన సీసపు గుండుని కళ్ళదగ్గర పెట్టుకుని చూసి మురిసిపోయేవారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మందు ఎక్కువ పోస్తే గురి బాగుంటుందా, తక్కువ పోస్తేనా, గుండు లోతుగా దింపితే మేలా, పైకి ఉంచితేనా అనేది ఎవరికీ ముందే తెలియదు. పేల్చి చూడాల్సిందే. ప్రతి ఆదివారం పొద్దున్నే సరుగుడు తోటలో అదే పని. పాత దిండు గలీబులో ఇసక నింపి, దానిమీద రైఫిలు ఆనించేవారు. సుభద్రాయమ్మ గారు తెల్ల కాగితం మధ్యలో కాటుకతో బొట్టు పెట్టి దూరాన పలకకి అతికించేవారు. డాక్టరు గారు ఒక్కో తూటాని చేత్తో లోపల పెట్టి, మీట మూసి, ఊపిరి బిగబట్టి పేల్చేవారు. కాసేపు గొట్టం చల్లారనిచ్చి మళ్ళీ ఇంకొకటి. తర్వాత కాగితం తెచ్చి చిల్లులన్నీ ఎంత దగ్గరగా పడ్డాయో చూసుకునేవారు. చిల్లుల గుంపు ఎంత చిన్నదైతే తూటా అంత మంచిదన్నమాట.

కొలవడానికి డాక్టరు గారి దగ్గర పళ్ళు కొలిచే పరికరాలన్నీ ఉన్నాయి. కానీ ఆ ఇంట్లో కొలత తిండి లెక్కలోనే సాగేది. దానికి కారణం సుభద్రాయమ్మ గారి అన్నయ్య భద్రిరాజు గారు. మండపేట దగ్గర బియ్యం మిల్లు ఆయనది, మాటలో వెటకారం పాళ్ళు కాస్త ఎక్కువ. ఆయన దగ్గర ఉన్నది వెనక గడియ తీసి మూసే రకం కొత్త రైఫిలు. అందులో పేలేవి రాగి తొడుగు వేసుకున్న సన్నటి మొనతేలిన గుళ్ళు. వాటిని నేను మొదటిసారి ఆయన అరచేతిలో చూశాను. ఎర్రగా, నున్నగా, పెళ్ళికూతురి గోళ్ళలా ఉన్నాయి. ఇక ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

"ఏవండి బావగారూ, ఈ ఆదివారం ఏం వడ్డించారు?" అంటూ కాగితం అందుకునేవారు ఆయన. "అప్పడం. పోయిన వారం కూడా అప్పడమే కదండీ. మా ఇంట్లో ఉసిరికాయండి, చూడండి." తన కాగితం తీసి పక్కన పెట్టేవారు. నిజంగానే చిల్లులన్నీ ఒక ఉసిరికాయ చాటున పట్టేంత దగ్గరగా ఉండేవి.

డాక్టరు గారు నవ్వి ఊరుకునేవారు. ఇంటికెళ్ళి మందు కొంచెం తగ్గించి చూసేవారు. అలా వారాల తరబడి తగ్గిస్తూ, పెంచుతూ, ఒక రోజు అప్పడాన్ని గారెలోకి తెచ్చారు. ఆ గారెలో ఒక చిల్లు నేను మోసిన గుండుది. నా జన్మలో నేను గర్వపడిన పూట అదొక్కటే.

"గారె బాగుందండి" అన్నారు భద్రిరాజు గారు. "కానీ బావగారూ, మీ గుళ్ళకి ముక్కులు లేవండి. గాలి చీల్చుకుని పోవాలంటే మొన ఉండొద్దా? తమరివి గాల్లో దారి అడుక్కుంటూ వెళతాయి."

ఆయన అన్నది నిజమే. మా గుళ్ళ ముక్కులు బల్లపరుపుగా చదునుగా ఉంటాయి. అలా చదునుగా ఎందుకు చేశారో ఎవరూ అడగలేదు. డాక్టరు గారు నవ్వలేదు ఆ రోజు. 

ఇందులో ఇంకో చిక్కుంది. దసరాకి ఆయుధపూజ ఆ కుటుంబంలో పెద్ద ఎత్తున జరిగేది, మండపేట ఇంట్లో, డాక్టరు గారి అత్తగారు రంగాయమ్మ గారి చేతుల మీదుగా. హాల్లో ఎర్రగుడ్డ పరిచి ఇంట్లో ఆయుధాలన్నీ వరసగా పెడతారు. పూజకి ముందురోజు రైఫిల్ క్లబ్బులో ఏటా జరిగే పోటీలో ఎవరి గుంపు చిన్నదో వాళ్ళ రైఫిలు మధ్యలో. రంగాయమ్మ గారు మొదటి బొట్టు దానికి పెట్టి, తర్వాతే మిగతావాటి వైపు తిరుగుతారు. ఏళ్ళ తరబడి ఆ చోటు భద్రిరాజు గారి రైఫిలుదే. మా రైఫిలు చివర్న, కొడవలి తర్వాత, కత్తిపీట పక్కన.

మొగుడి రైఫిలు కత్తిపీట పక్కన పడుకోవడం సుభద్రాయమ్మ గారికి కంటగింపు. పుట్టింట్లో, వదినలూ మరదళ్ళ మధ్య. ఆవిడ శ్రావణమాసంలో పేరంటానికని మండపేట వెళ్ళి, వచ్చేటప్పుడు ఎప్పటిలాగే సున్నుండల డబ్బా తెచ్చారు. బల్లమీద డబ్బా బోర్లించి సున్నుండలు తీస్తే, అడుగున జేబురుమాలులో మూటగట్టి భద్రిరాజు గారి మొనదేలిన గుళ్ళు.

"ఇదేమిటే?" అన్నారు డాక్టరు గారు.

"పుట్టింటి నుంచి ఆడపిల్ల ఏం తెచ్చుకున్నా తప్పులేదండి. రెండు రైఫిళ్ళ గొట్టాలదీ ఒకటే లావు కదా, పడతాయి."

"మీ అన్నయ్యకి తెలిస్తే?"

"పెట్టె అక్కడే ఉంచేశాను. బరువు చూసుకునేదాకా తెలీదు."

పెట్టె అక్కడే ఉంచేశారు. ఆ పెట్టె మూతమీద ఒక ముఖ్యమైన మాట అచ్చేసి ఉంది. అది మండపేట బీరువాలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత నెలంతా ఆ ఇంట్లో నా బతుకు ఏమని చెప్పను. ఉన్నవాటిలో కొత్త డొప్పల్ని ఏరి వాటికి రాగి గుళ్ళు బిగించారు. నేను పాతదాన్నని పక్కన పెట్టారు. ఆదివారం సరుగుడు తోటలో ఎప్పటిలాగే ఒక్కొక్కటే చేత్తో పెట్టి పేల్చి చూశారు. మొదటి కాగితం తెచ్చేసరికి సుభద్రాయమ్మ గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చిల్లులన్నీ ఒక నిమ్మకాయంత చోట ఉన్నాయి. డాక్టరు గారు కాగితాన్ని సూర్యుడికెదురుగా పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు. కాలిన డొప్పల్ని ఆ ఎడంచెయ్యి ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకుంటుంటే, డబ్బాలోంచి నేను చూస్తూ కూర్చున్నాను. నేను ఆ జేబులో పడి ఎన్నాళ్ళయిందో.

ఆ సంబరంలో పేల్చి పేల్చి చూసుకుని గుళ్ళన్నీ అయిపోగొట్టారు. పోటీనాటికి మిగిలింది నాలుగే. పోటీకి కావాల్సింది అయిదు.

"అయిదోది మన సీసం గుండే పెడదాం" అన్నారు డాక్టరు గారు. "చల్లటి గొట్టంలోంచి వెళ్ళే మొదటి దెబ్బ ఎలాగూ కాస్త పక్కకే పోతుంది. దాన్ని ముందు పేల్చేస్తే సరి. ఏదైనా పాత డొప్ప చూడు."

పాత డొప్ప అంటే నేనే. ఎలాగూ పక్కకి పోయే దెబ్బకి నేను. ఆ నలుగురి ముందు తివాచీ దులపడానికి నేను. ఆ మాట విన్నప్పుడు నా ఇత్తడికి చిలుము పట్టింది.

సుభద్రాయమ్మ గారు నొక్కుడు మరని ఆ కొత్త డొప్పల పొడుగుకి తగ్గట్టు కిందికి దింపి బిగించారు. నలుగురి పనీ శ్రద్ధగా చేసి, చివర్న నన్ను తీసుకున్నారు. పేలి పేలి నేను వాటికన్నా కాస్త సాగాను. మర స్క్రూ కొంచెం వెనక్కి తిప్పుకోవాలి. అంతలో వంటింట్లో పాలు పొంగుతున్న వాసన వచ్చింది. ఆవిడ తిప్పకుండానే మీట ఒక్క నొక్కు నొక్కి లేచిపోయారు. నా మూతి మరీ గట్టిగా నొక్కుకుపోయి, మెడ కింద చుట్టూతా కొంచెం ఉబ్బింది. కంటికి ఆనేంత కాదు. మామూలుగా అయితే ప్రతి తూటానీ వేళ్ళమధ్య తిప్పి తడిమి చూసేవారు ఆవిడ. పాలగిన్నె దించి వచ్చాక నేరుగా డబ్బాలో పెట్టేశారు.

స్క్రూ వల్ల ఉబ్బానని మీరంటారు. నేను కాదనను. నా మటుకు నేను ఆ నలుగురు మొనగాళ్ళని చూసి ఓర్వలేక ఉబ్బాననే అనుకుంటాను.

పోటీ రోజున సరుగుడు తోటకి క్లబ్బులో అందరూ వచ్చారు. నియమం ఒక్కటే. అయిదు తూటాలూ రైఫిల్లో నింపుకుని, మధ్యలో ఆగకుండా పేల్చాలి. అంటే చేత్తో ఒక్కొక్కటి పెట్టడానికి వీల్లేదు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. నాకూ ఇది తర్వాతే తెలిసింది, కానీ మీకు ముందే చెబుతున్నాను. మీట రైఫిల్లో తూటాలు దాచుకునే చోటు పెద్ద గొట్టం కిందుండే ఇంకో సన్నటి గొట్టం. అందులో మేం ఒకరి వెనక ఒకరం, రేషన్ షాపు ముందు జనంలా, ముందువాడి వీపుకి వెనకవాడి ముక్కు ఆనించి నిలబడతాం. ఆ వీపుమీదే ఉంటుంది టోపీ. చదును ముక్కు దానికి ఆనితే ఫరవాలేదు. మొన ఆనితే అది గుచ్చుకున్న మేకు. ఒక్క తూటా పేలిందంటే రైఫిలంతా వెనక్కి ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపుకి మేకు దిగుతుంది. లోపలున్నవన్నీ ఉన్నచోటే పేలతాయి. ఆ సన్నటి గొట్టాన్ని కింద నుంచి పట్టుకుని ఉండేది పేల్చేవాడి ఎడంచెయ్యి.

డాక్టరు గారు దిండు వెనక బోర్లా పడుకున్నారు. రాగి గుళ్ళవి నాలుగూ ఒక్కొక్కటే గొట్టంలోకి తోశారు. ఆఖర్న నన్ను. ఆఖర్న పోయినవాడు ముందు పేలాలి. నా ముందున్నవాడి వీపుకి నా చదును ముక్కు ఆనింది. వాడి మొన వాడి ముందువాడి టోపీకి. ఎడంచెయ్యి వచ్చి మా అందరి కిందా మెత్తగా సర్దుకుంది. చెక్క అడ్డం ఉన్నా దాని వెచ్చదనం తెలిసింది. చాలా రోజుల తర్వాత అంత దగ్గర.

మీట కిందికి వెళ్ళింది. నేను పైకి లేచాను. మీట మూసుకుంటోంది. నన్ను పెద్ద గొట్టం నోట్లోకి తోసింది. సగం పైగా వెళ్ళి నేను ఆగిపోయాను. ఉబ్బిన మెడ పట్టేసింది. డాక్టరు గారు గట్టిగా నొక్కారు. నేను కదల్లేదు. ఆ చెయ్యి కాపాడుదామని మాత్రం కాదు. అంత గొప్పదాన్ని కాను నేను. ఆ నలుగురికీ దారి చూపించే పని నాకు ఇష్టంలేదు, అంతే.

"ఏవైందండి బావగారూ?" వెనక నుంచి భద్రిరాజు గారి గొంతు. "మీట మొరాయించిందా? ముసలి గుర్రం కదండీ, కాస్త గడ్డి చూపించండి."

నలుగురూ నవ్వారు. డాక్టరు గారి చెవులు ఎర్రబడ్డాయి. మీట విసురుగా కిందికి తోశారు. నేను ఎగిరి ఇసకలో పడ్డాను. కంగారులో మీట ఇంకోసారి ఆడించారు. నా వెనకాలే రాగి గుండుది ఒకటి ఎగిరొచ్చి నా పక్కన పడింది, మొన ఆకాశానికి చూపిస్తూ.

భద్రిరాజు గారు వంగి చూశారు. "ఆగండి ఆగండి. ఇవి నావి." చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. "సుభద్రా, సున్నుండలతోపాటు ఇవి కూడా మోసుకెళ్ళావుటే?"

సుభద్రాయమ్మ గారు తల దించుకున్నారు. జనం మళ్ళీ నవ్వారు. భద్రిరాజు గారు కూడా నవ్వబోయారు. నోరు తెరిచినవారు అలాగే ఆగిపోయారు. చూపు చేతిలోని తూటా మీంచి రైఫిలు కిందున్న సన్నటి గొట్టం మీదికి వెళ్ళింది. అక్కడి నుంచి దాన్ని పట్టుకున్న చేతి మీదికి.

"బావగారూ. గొట్టంలో ఇంకా ఉన్నాయాండి ఇవి?"

"మూడున్నాయండి. ఇస్తాను లెండి, నలుగురిలో ఎందుకు—"

"ఎడంచెయ్యి తీసెయ్యండి."

"ఏవిటండి?"

"చెయ్యి తీసెయ్యండి బావగారూ. ముందు చెయ్యి." ఆ గొంతులో వెటకారం లేదు. వెటకారం లేని ఆ గొంతు అక్కడెవరికీ అలవాటు లేదు.

ఆయన వచ్చి రైఫిల్ని తనే తీసుకున్నారు. కొస ఇసక వైపు తిప్పి, కింది గొట్టానికి చెయ్యి తగలకుండా పట్టుకుని, మీట నెమ్మదిగా, పసిపిల్లకి ఉగ్గు పట్టినంత నెమ్మదిగా ఆడిస్తూ ఒక్కొక్కటే బయటికి రప్పించారు. మూడోది పడ్డాక ఇసకలో చతికిలబడ్డారు.

"పెట్టె మీద రాసుంటుందండి, గొట్టం రైఫిళ్ళలో వాడొద్దని. మొన వెళ్ళి ముందుదాని టోపీ మీద కూర్చుంటుంది. మొదటిది పేలిన అదురుకి..." ఆపేశారు. ఇసకలోకే చూస్తూ అన్నారు, "ముక్కులు లేవని ఎగతాళి చేసింది నేనే కదండీ."

సుభద్రాయమ్మ గారు వచ్చి మొగుడి పక్కన కూర్చుని ఆ ఎడంచేతిని రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. అందరిముందూ అలా కూర్చోవడం ఆ ఇంటి ఆడవాళ్ళ అలవాటు కాదు.

లేచేటప్పుడు డాక్టరు గారు ఆ నాలుగు రాగి తూటాల్నీ ఏరుకున్నారు. వంగి, జాగ్రత్తగా, ఒక్కొక్కటే. నేను వాటి పక్కనే ఉన్నాను. ఆయన కన్ను నామీద పడలేదు. డొప్పలు పోగొట్టుకోవడం ఇష్టంలేని సుభద్రాయమ్మ గారు నన్ను చెంగున ముడేసుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఇసకలోనే ఉండేదాన్ని.

మర్నాడు పూజలో రంగాయమ్మ గారు కుంకుమ భరిణె పట్టుకుని నిలబడి, "ఎవరిదిరా మధ్యలో?" అన్నారు. భద్రిరాజు గారు పోటీలో పేల్చనే లేదు. తన రైఫిల్ని తనే తీసుకెళ్ళి కత్తిపీట పక్కన పెట్టి, "ఈ ఏడు తుపాకులొద్దమ్మా. బావగారు పళ్ళు పీకే పటకారు తెప్పించాను, దానికి పెట్టు" అన్నారు. రంగాయమ్మ గారు పటకారుకి బొట్టు పెట్టారు. తర్వాత అల్లుడి ఎడంచెయ్యి పట్టుకుని మణికట్టు మీద ఇంకో బొట్టు పెట్టి, కళ్ళు తుడుచుకున్నారు. నేను సుభద్రాయమ్మ గారి సంచిలోంచి ఇదంతా విన్నాను. పటకారుకి బొట్టట. రాత్రింబగళ్ళు నోళ్ళలో తిరిగే పటకారుకి.

ఆ తర్వాత డాక్టరు గారు రైఫిల్లో సీసం గుళ్ళే వాడారు, గారెతో సంతృప్తిపడ్డారు. నా మెడ ఉబ్బింది కాబట్టి నేను ఇక పనికిరాను. గుండు పీకేసి, మందు తీసేసి, టోపీ ఊడగొట్టి, ఆ చిల్లుని దంతాల మైనంతో పూడ్చారు. ఆస్పత్రిలో బల్లమీద నిలబెట్టి లవంగనూనె పోశారు నాలో. సన్నటి పుల్లకి దూది చుట్టి అందులో ముంచి ఉంచేవారు. రాగి తూటాల్లో ఒకదాన్ని కూడా లోపలంతా ఖాళీ చేయించి, ఎదురుగా అద్దాల బీరువాలో, దూది పరుపు మీద పడుకోబెట్టారు. వచ్చిన ప్రతి రోగికీ దాన్ని చూపించి చెప్పేవారు, "ఇదేనండి, నా చెయ్యి పట్టుకెళ్ళిపోయేది." రోగులు పంటినొప్పి మరిచిపోయి దాన్ని చూసేవారు. చెయ్యి తీసేసేదానికి దూది పరుపు. అడ్డం పడినదానికి లవంగనూనె. ఏళ్ళ తరబడి ఆ కథ విన్నాను. ఒక్కసారి కూడా అందులో నా పేరు రాలేదు.

ఆ బీరువా వంక చూసి చూసి నాకు కడుపు మండని రోజు లేదు.

ఒక రోజు భద్రిరాజు గారు వచ్చారు. జుట్టు నెరిసింది. దవడ వాచింది. కుర్చీలో పడుకుని నోరు తెరిచారు కాబట్టి వెటకారానికి వీల్లేదు. డాక్టరు గారి ఎడంచెయ్యి నన్ను దగ్గరికి లాక్కుంది, పుల్ల తీసి చిగురుకి నూనె రాసింది, తర్వాత ఆ రెండు వేళ్ళూ లోపలికి వెళ్ళి అదిమిపట్టాయి. పన్ను వచ్చింది. భద్రిరాజు గారు ఇంకా నోరు తెరుచుకునే ఉన్నారు. అప్పుడు వారి చూపు నామీద పడింది.

దూది కరిచిపెట్టుకుని లేచారు. నన్ను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. మెడ కింద బొటనవేలితో తడిమారు.

"ఇది ఆ రోజుదే కదండి బావగారూ?" మాట ముద్దముద్దగా వచ్చింది. "ఇరుక్కున్నది?"

"అదేనండి. పాత డొప్ప."

"ఆ అద్దంలో పెట్టాల్సింది దీన్నండి. అది కాదు."

డాక్టరు గారు నన్ను తీసుకుని ఆ ఉబ్బు చూశారు. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా ఆయన నన్ను నిజంగా చూడటం అదే మొదలు. నూనె ఒంపేశారు. గుడ్డతో తుడిచారు. బీరువా తెరిచి, రాగిదాన్ని సొరుగులో పడేసి, దూది పరుపు మీద నన్ను పడుకోబెట్టారు.

ఇప్పుడు కథలో నా పేరుంది. "ఇదండి నా చెయ్యి కాపాడింది" అని చెబుతారు. పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి నన్ను చూస్తారు. దసరాకి నాకు కూడా బొట్టు పెడతారు. కావాలనుకున్నవన్నీ వచ్చాయి.

బల్లమీదికి ఇప్పుడు లవంగనూనెకి ఒక గాజు సీసా కొన్నారు. అందమూ చందమూ లేని సీసా. రోగి వచ్చి కూర్చోగానే ఆ ఎడంచెయ్యి చాచి దాన్ని దగ్గరికి లాక్కుంటారు. పుల్ల తీస్తూ, చేతికి నూనె అంటితే దాని అంచుకే రాసి తుడుచుకుంటారు. నేను అద్దంలోంచి చూస్తూ ఉంటాను.